ఊట పుస్తకంలో రెండో సంతకం

ఆయన్ని ఎదురుగా అందరూ సారు అనేవాళ్లు. వెనక్కి తిరిగితే మిల్లీమీటరు అనేవాళ్లు. ఆ పేరు సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు, లోలోపల కొంచెం మురిసిపోయేవాడు కూడా. ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి మరి. ఆయన వీధి మలుపు తిరిగాడంటే చాలు, దుకాణాల్లో తక్కెడలు బుద్ధిగా నిలబడేవని చెప్పుకునేవాళ్లు. ఇంట్లో కాఫీలో చక్కెర కూడా చెంచా అంచు వేలితో గీసి వేసుకునే రకం. అంతటి మనిషి చేశాడు కాబట్టే ఇది కథ అయింది. ఇంకెవరైనా చేసి ఉంటే నాలుగు తిట్లతో పోయేది.

ఊరిని ఆనుకుని ఒక రాతి కొండ ఉంది. దాని నడుము దగ్గర రెండు పెద్ద బండల మధ్య చీలికలో ఒక ఊట. పదకొండేళ్ల కింద, కాలేజీలో చెట్లూ మొక్కల పాఠం చెప్పే టీచరమ్మ పదిహేనుమందిని పోగుచేసి కొండ బృందం అని పెట్టింది. ఆదివారం పొద్దున్నే చేతులకు తొడుగులు, భుజాన గోనెసంచులు. సీసాలూ ప్లాస్టిక్ కవర్లూ ఏరడం, బండల మీద ప్రేమికులు రాసుకున్న పేర్లు తోమి చెరపడం, బాట మీదికి వంగిన ముళ్లకంప కొట్టడం. జీతం లేదు, బత్తెం లేదు, పైగా ఇంటికొస్తే తిట్లు. సొంత పెరట్లో గడ్డిపరక పీకని వాళ్లు కొండ ఊడవడానికి పోతున్నారని.

ఆ పనులన్నిటిలో గొప్ప పని ఊట కొలవడం. చీలికకు ఇనుప తలుపు పెట్టి తాళం వేశారు, తాగుబోతులు లోపల సీసాలు పడేస్తున్నారని. లోపల గుంటలో రాతికి ఒక స్టీలు స్కేలు బిగించారు. ప్రతి ఆదివారం ఒకరు కొండ బాట మీంచి నూట పన్నెండు మెట్లు దిగి, తాళం తీసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. చూసినవారిదొక సంతకం, పక్కనుండి చూసినవారిది రెండో సంతకం. ఈ రెండు సంతకాల నియమం పెట్టింది మిల్లీమీటరే. ఒక్కడు చూసింది కొలత కాదు, వాడి అభిప్రాయం అని మొదటి రోజే అందరికీ క్లాసు పీకాడు.

రెండో సంతకం దర్జీ అమ్మాయిది. అమ్మాయి అని ఆయన పిలుపే గాని ఆమెకు నలభై దాటాయి. కొండ కింద మలుపులో జాకెట్లు కుట్టే దుకాణం. మొదటి ఐదారేళ్లు ఆయన వెంట దిగేది, వంగి చూసేది, ఔను బాబాయ్ గారూ అనేది. తర్వాత గిరాకీ పెరిగి ఆదివారాలే ఎక్కువ పని ఉండేసరికి, "నువ్వు దిగకపోయినా పర్లేదులే అమ్మాయ్, నేను చూస్తున్నాగా" అని ఆయనే పుస్తకం దుకాణానికి పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆమె నోట్లో సూది పెట్టుకునే, మిషను ఆపి సంతకం చేసి ఇచ్చేది. రూలు పెట్టినాయనే రూలుకి తూట్లు పొడిచాడు. అప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆయన మిల్లీమీటరు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నాలుగైదేళ్ల కింద ఆయన జ్వరంతో పడుకున్న వారం ఒక బ్యాంకు గుమాస్తాకి ఆ పని అప్పగించారు. ఆ పిల్లవాడికి బద్ధకమేసింది. కిందటి వారం అంకే మళ్లీ రాసేశాడు. మిల్లీమీటరు పట్టేశాడు, ఆ వారం వాన దంచికొట్టింది కాబట్టి. బృందం అందరి ముందూ నిలబెట్టి, "నువ్వు రాసింది అంకె కాదు, కాకిలెక్క. కొండకి నోరు లేదనేగా నీ ధైర్యం?" అని కడిగేశాడు. గుమాస్తా తల దించుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. టీచరమ్మ మరీ అంత అనాల్సింది కాదన్నా ఆయన వినలేదు.

అందుకే, మోకాలు పట్టేసినప్పుడు ఆయన ఎవరితోనూ చెప్పలేకపోయాడు.

అది ఏడాదిన్నర కిందటి మాట. ఒక ఆదివారం ఇరవై మెట్లు దిగేసరికి ఎడమ మోకాల్లో సూది గుచ్చినట్టయింది. మెట్టు మీద కూర్చుండిపోయాడు. కింద ఇంకా తొంభై రెండు. పోయిన వారం అరవై ఒకటి పాయింట్ మూడు సెంటీమీటర్లు. వానల్లేవు, ఎండల్లేవు. ఎంత మారుతుంది గనక? అరవై ఒకటి పాయింట్ ఒకటి అని రాశాడు. రెండు మిల్లీమీటర్లు తగ్గించాననుకుంటే మనసు కుదుటపడింది, నిజంగా దిగి చూసినట్టే ఉంది.

మర్నాడు ఉలిక్కిపడి ఉండాలి. పడలేదు. ఆ పై వారం దిగాడు, ఆ తర్వాతి వారం దిగలేదు. నాలుగు నెలలు అలా నొప్పిని బట్టి కొన్ని వారాలు కాళ్లతో, కొన్ని వారాలు చేత్తో కొలిచాడు. ఆ తర్వాత పూర్తిగా చేతిపనే. వాన పడితే అర సెంటీమీటరు పెంచేవాడు, ఎండ ముదిరితే రోజుల లెక్క వేసి తగ్గించేవాడు, అనుమానం వస్తే పాత సంవత్సరాల పేజీలు తిరగేసేవాడు. ఉద్యోగంలో దొంగ తూకాలు పట్టుకున్న మనిషికి దొంగ తూకం ఎలా ఉంటే పట్టుబడదో తెలియకుండా ఎలా ఉంటుంది? ఆదివారం పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరి, కొండ కింద టీ బడ్డీలో గంటసేపు కూర్చుని, దర్జీ దుకాణంలో రెండో సంతకం చేయించుకుని ఇంటికొచ్చేవాడు. కంచే చేను మేస్తుంటే అడిగే నాథుడెవడు?

మధ్యలో ఊట నుంచి బయటికి వేసిన గొట్టం కింద తొట్టిలో నీళ్లు సన్నబడ్డాయి. నడకకొచ్చేవాళ్లు దోసిలి పట్టి నిమిషం ఆగాల్సి వస్తోందని గొణిగారు. టీచరమ్మ అడిగితే ఆయన తడుముకోకుండా, "లోపల లెవలు బాగానే ఉంది, గొట్టంలో చెత్త ఇరుక్కుని ఉంటుంది" అన్నాడు. దాంతో బృందం మొత్తం రెండు ఆదివారాలు గొట్టం విప్పి, ఇనుప తీగలు దూర్చి, మోచేతులు గీరుకుపోయేలా శుభ్రం చేసింది. గొట్టంలో గుప్పెడు ఆకులు తప్ప ఏమీ లేవు. పక్కన నిలబడి అటు తిప్పండి ఇటు తిప్పండి అని ఆజ్ఞాపించింది ఎవరో చెప్పక్కర్లేదు.

నోటీసు వచ్చింది వేసవి చివర్లో. కొండ అవతల నీళ్ల సీసాల కంపెనీ ఒకటి ఏడాది పైచిలుకు కింద బోరు వేసింది. ఇప్పుడు రెండోది వేస్తానని అర్జీ పెట్టింది. అభ్యంతరాలుంటే పది రోజుల్లో భూగర్భ జలాల ఆఫీసులో విచారణ. టీచరమ్మ ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మన దగ్గర పదకొండేళ్ల పుస్తకం ఉంది సార్. ఇలాంటిది ఎవరి దగ్గరా ఉండదు. వాళ్ల బోరు పడ్డాక ఊట ఎంత పడిందో అంకెలే చెప్తాయి. రెండోది సరే, మొదటిదాన్నీ ఆపించొచ్చు. మీరు గ్రాఫ్ గీసివ్వండి చాలు."

ఆయన సరేనన్నాడు. ఆవిడ వెళ్లాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం భార్య కునుకు తీస్తుంటే చేతికర్ర తీసుకుని కొండకు పోయాడు. నూట పన్నెండు మెట్లూ కూర్చుంటూ, దేకుతూ దిగాడు. తాళం తుప్పు పట్టి ఒక పట్టాన తిరగలేదు. లోపలికి వంగి చూశాడు. ఒకప్పుడు మోకాలి దాకా ఉన్న నీళ్లు గుంట అడుగున నల్లగా ముడుచుకుని ఉన్నాయి. స్కేలు మీద పాత నీటి మరకలు ఒకదాని కింద ఒకటి, తాను రాయని వారాలన్నీ అక్కడ గీతలు గీతలుగా ఉన్నాయి. ముప్పై ఒకటి. పుస్తకంలో కిందటి ఆదివారం అంకె అరవై పాయింట్ రెండు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చుట్టూ ఎవరూ లేరు, అయినా కండువా తీసి మొహం కప్పుకున్నాడు.

అప్పుడైనా నోరు తెరిచాడా? లేదు. ఇంటికొచ్చి గ్రాఫ్ గీశాడు. స్కేలు పెట్టి, పెన్సిలు చెక్కి, ఎప్పటిలాగే నీటుగా. గీత ఏ చీకూ చింతా లేకుండా నేరుగా పోయింది. టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహంలో వెలుగు మెల్లగా తగ్గడం ఆయన చూశాడు.

"అయితే బోరు వల్ల ఊటకేం కాలేదన్నమాట," అంది. కాగితం మడుస్తూ, "సరే సార్. మనకి నచ్చినా నచ్చకపోయినా అంకె అంకే. విచారణలో అదే చెప్పేద్దాం, అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నామని. నిజం మనవైపు ఉన్నప్పుడే నిజం అంటే ఎలా?" అంది.

ఆవిడ చెంప మీద కొట్టినా బాగుండేది.

రెండు రోజులు కక్కలేక మింగలేక తిరిగి, మూడో రోజు భార్యతో చెప్పాడు. ఆవిడ వంటింట్లో బీన్స్ తరుగుతోంది. మొత్తం విని, కత్తిపీట పక్కకు జరిపింది.

"ఏడాదిన్నరగా మోకాలు నొప్పా? నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెప్పేది దాని గురించి కాదు."

"నాకు అదే. పక్కన పడుకునేదాన్ని. నాకే చెప్పని వాడివి ఊరికి చెప్తావా?" అంది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన్ని ఏకవచనంలో అనడం అదే మొదటిసారి. తర్వాత తమాయించుకుని, "ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటారు? ఉన్న పరువు కాస్తా బజారున పడుతుంది. ఊరుకోండి. ఊటలు ఎండవా, నిండవా," అంది. ఆవిడ తనని కాపాడుతోందో, తన మీద ఆశ వదిలేసుకుందో ఆయనకు అర్థం కాలేదు. మెచ్చుకోలుగా మాత్రం లేదు.

విచారణ గది ఇరుకుగా ఉంది. బీరువాల మీద దుమ్ము పట్టిన ఫైళ్లు, కిర్రుమనే ఫ్యాను, ఒక పొడుగాటి బల్ల. చివర్న ఆఫీసరమ్మ. ఒక వైపు కంపెనీ మేనేజరు, ఇంకోవైపు టీచరమ్మ, మిల్లీమీటరు, రెండో సంతకం ఉంది కాబట్టి రమ్మంటే దుకాణం మూసి వచ్చిన దర్జీ అమ్మాయి. వెనక కుర్చీల్లో బృందం వాళ్లు.

టీచరమ్మ లేవకముందే మేనేజరు లేచాడు. చేతిలో ఊట పుస్తకం జిరాక్సులు. మనిషి మర్యాదస్తుడు, వెటకారం లేకుండానే మాట్లాడాడు.

"మేడమ్, మేం కొత్తగా చెప్పేదేం లేదు. వీళ్ల పుస్తకమే మా సాక్ష్యం. ఇది రాసిన పెద్దాయన ముప్పై నాలుగేళ్లు తూనికల శాఖలో మచ్చ లేకుండా చేసినవారు. మా ఇంజనీరు అంకె కన్నా ఈయన అంకె మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఇలాంటి నిజాయితీపరులు ప్రతి ఊళ్లో ఉంటే మాలాంటి వాళ్లకు గొడవలే ఉండవు."

అని ఆయన వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. వెనక కుర్చీల్లోంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఉద్యోగ విరమణ రోజు పూలదండ వేసినప్పుడు కూడా ఆయన్ని ఎవరూ ఇంతగా పొగడలేదు. ఆ నమస్కారం ఒంటి మీద పాకుతున్నట్టనిపించింది. ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

"అవి దొంగ అంకెలండి," అన్నాడు.

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసింది.

"ఏవి?"

"ఈ ఏడాదిన్నరవి. మోకాలు నొప్పి. మొదటి నాలుగు నెలలు కొన్ని వారాలు దిగాను, మిగతావన్నీ దిగలేక ఇంట్లో కూర్చుని రాశాను. పదిరోజుల కింద దిగి చూశాను. ముప్పై ఒకటి ఉంది. సగం పోయింది."

చెబుతుంటే ఎంత చిన్న విషయంలా ఉందో చూసి ఆయనకు ఇంకా సిగ్గేసింది. మోకాలు నొప్పి. అంతే. ఒక ఊట సగమైపోయిందన్న సంగతిని దాచిన కారణం ఒక మోకాలు.

ఆఫీసరమ్మ అసలు పుస్తకం ఆయన ముందుకు తోసి ఎర్ర పెన్సిలు ఇచ్చింది. "మొదటి నాలుగు నెలలు కొన్ని వారాలు దిగానంటున్నారు. ఆ నాలుగు నెలల చివర్లోనే బోరు పడింది, ఆ అంకెలు చాలా ముఖ్యం. నిజంగా చూసి రాసినవాటికి టిక్కు పెట్టండి. అవైనా పనికొస్తాయి."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని పేజీ మీదికి వంగాడు. అరవై ఒకటి పాయింట్ ఒకటి, అది అబద్ధం, గుర్తుంది. తర్వాతది? అరవై పాయింట్ తొమ్మిది. ఇది దిగి చూసిందా, టీ బడ్డీలో రాసిందా? పెన్సిలు మొన కాగితం మీద ఆగింది. ఇంకో అంకె. ఇంకో అంకె. అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకదాని వెనక ఒకటి వరసగా బుద్ధిగా నడుస్తున్నాయి. నిజానికీ అబద్ధానికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా రాశాడు. ఎంత బాగా రాశాడంటే, రాసినవాడికే ఆనవాలు పట్టడం చేత కాలేదు. చెమట చుక్క పేజీ మీద పడింది. గదిలో అందరూ చూస్తున్నారు.

"గుర్తు పట్టలేనండి," అన్నాడు చివరికి.

"మరి అంతకు ముందు పదేళ్లవి?"

"అవి నిజమండి."

"ఎలా నమ్మమంటారు?" అని అడిగింది ఆవిడ. కోపంగా కాదు, మామూలుగానే. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. టీచరమ్మ బల్ల వైపే చూస్తోంది. ఆ పదేళ్లలో వానలో గొడుగు పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డ ఆదివారాలు ఆవిడవి కూడా.

ఆఫీసరమ్మ దర్జీ అమ్మాయి వైపు తిరిగింది. "రెండో సంతకం మీదేనా?"

"నాదేనండి."

"నీళ్లు చూసి పెట్టారా?"

ఆమె లేచి నిలబడి చీర కొంగు చేతికి చుట్టుకుంది. "లేదండి. ఆయన్ని చూసి పెట్టాను."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మిల్లీమీటరు చెవులు మండాయి. ఆమె ముందు నిలబడి తిట్లు తినడానికైనా సిద్ధమే గాని, ఆమె ఆయన తరఫున కూడా తలవంచుకోవడం తట్టుకోలేకపోయాడు.

తీర్పు పావుగంటలో వచ్చేసింది. పుస్తకాన్ని మొత్తంగా పక్కన పెట్టేశారు, పదకొండేళ్లదీ. ఏడాదిపాటు కొత్తగా కొలవాలి, ఆ తర్వాత రెండో బోరు మాట తేలుస్తారు. మొదటి బోరు ఆపడానికి ఆధారం లేదు కాబట్టి దాని దారి దానిదే, తోడుకుంటూనే ఉంటుంది. కొత్త పుస్తకం బృందమే రాయాలి, రెండు సంతకాలు తప్పనిసరి. కావాలంటే కంపెనీ మనిషి ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. బయటికొచ్చాక మేనేజరు మళ్లీ నమస్కారం పెట్టలేదు. బృందంలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. గుమాస్తాని తను అన్నట్టు ఎవరైనా అంటే బాగుండునని మెట్లు దిగుతూ అనుకున్నాడు. అందరూ చాలా మర్యాదగా పక్కకు తప్పుకుని దారిచ్చారు.

తాళంచెవి ఆ సాయంత్రమే కవర్లో పెట్టి టీచరమ్మకు పంపించేశాడు. బృందం మొహం మళ్లీ చూడగలనని అనుకోలేదు. ఆదివారం పొద్దున్న గుమ్మం ముందు ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైతే భార్యే వెళ్లి తలుపు తీసింది. దర్జీ అమ్మాయి. భుజాన సంచి, చేతిలో కొత్త పుస్తకం.

"బాబాయ్ గారూ, రండి. వేళవుతోంది."

"నేనెందుకమ్మాయ్?"

"రెండు సంతకాలు కావాలిగా. మిగతావాళ్లు ముళ్లకంప కొట్టే పని మీదున్నారు. టీచరుగారు మిమ్మల్ని తీసుకెళ్లమన్నారు."

మెట్ల దగ్గర ఆయన చేతికర్ర ఒక చేత్తో, బండ ఒక చేత్తో పట్టుకుని దిగుతుంటే, నాలుగు మెట్లు ముందు నడుస్తూ ఆగుతూ దిగింది. చెయ్యి అందించలేదు, తొందరపెట్టలేదు. తాళం ఆమే తీసింది. ఆయన ఆయాసపడుతూ గుంట అంచున మోకాలు ఆనించి, వంగి, కళ్లు చిట్లించి చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ముప్పై పాయింట్ నాలుగు," అన్నాడు.

ఆమె పుస్తకం తెరిచింది గాని రాయలేదు. పుస్తకం గట్టు మీద పెట్టింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని చల్లటి నీళ్లలోకి దిగింది. స్కేలు పక్కన వంగి, నీటి గీత మీద వేలు పెట్టి, చాలాసేపు చూసింది. ఆమె చూస్తున్నంతసేపూ ఆయన ఊపిరి తీయలేదు. తప్పు చెప్పి ఉంటే? కళ్లు మసకబారి ఉంటే? ఇప్పుడు చెప్పిన నిజం కూడా తన నోట్లోంచి వచ్చింది కాబట్టి అబద్ధమై ఉంటుందేమోనని నిజంగానే భయపడ్డాడు.

"ముప్పై పాయింట్ నాలుగే," అంది ఆమె. గట్టెక్కి తడి చేతులు కొంగుకు తుడుచుకుని, అంకె రాసి, చూసినవారు అన్న చోట తన సంతకం పెట్టింది.

"ప్రతి వారం ఇలా నువ్వు దిగాలంటే కష్టం కదమ్మా," అన్నాడు ఆయన.

"కష్టమే బాబాయ్ గారూ. ఆదివారం దుకాణం రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తాను," అంది. పుస్తకం ఆయన చేతికిచ్చి, రెండో సంతకం గడి మీద వేలు పెట్టి చూపించింది. ఆయన పెన్ను తీస్తుంటే, "నేను రాసింది కరెక్టో కాదో ఒకసారి చూసి పెట్టండి," అంది.

ఆయన మళ్లీ వంగాడు.